తరగని తంబాకు డబ్బా

పోయిన నెల జగిత్యాలలో మా సంఘానికి ఒకరోజు శిక్షణ పెట్టారు. రోజువారీ జీవితంలో ఇతరులతో విశ్వాసం పంచుకోవడం ఎలా అన్నది విషయం. చెప్పడానికి వచ్చిన అబ్బాయి మంచివాడు. ఇస్త్రీ చొక్కా, ల్యాప్‌టాప్, గోడ మీద బొమ్మలు. పొరుగువారితో మాట కలపడానికి ఏడు మెట్లు ఉంటాయన్నాడు. నాలుగో మెట్టు దగ్గర కరెంటు పోయింది. అది వచ్చేదాకా కాలక్షేపానికి, మీకు మొట్టమొదట దేవుని గురించి చెప్పిన మనిషి ఎవరో, వాళ్లేం పని చేసేవారో తలా ఒక కాగితం మీద రాయమన్నాడు.

దాదాపు అందరూ పాస్టర్ల పేర్లు రాశారు. నేను "మా పెద్దమ్మ" అని రాసి, పని దగ్గర "బీడీలు" అని రాశాను. ఆ అబ్బాయి చదివి, ఒకసారి నా ముఖం చూసి, ఆ కాగితాన్ని మిగతావాటి అడుగున పెట్టాడు. ఆయన తప్పేం లేదు. ఏడు మెట్లలో ఎక్కడా బీడీలు లేవు.

మా అమ్మానాన్నలది సిరిసిల్ల. ఇంట్లో సాంచెలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా దడదడలాడేవి. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. ఉప్పు అందుకోమన్నా వీధి చివర ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు. అమ్మకు కాన్పు దగ్గర పడిందని ఆ ఎండాకాలం సెలవులకు నన్ను కోరుట్లలో పెద్దమ్మ దగ్గర దించారు. నాకు పదేళ్లుంటాయి. పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. పెదనాన్న లేడు, పిల్లలు లేరు. అంతకు రెండేళ్ల ముందు ఆమె వెల్గటూరు దగ్గర గోదావరిలో బాప్తిస్మం తీసుకుంది. మా చుట్టాల్లో ఆ పని చేసింది ఆమె ఒక్కతే. వార్త సిరిసిల్ల చేరినప్పుడు నాన్న కాసేపు ఆలోచించి, "దేవుణ్ణి మార్చింది గని పచ్చిపులుసు చేసుడు మార్చలే గద, పోనీ" అన్నాడు. మా ఇంట్లో మతం గురించి జరిగిన చర్చ మొత్తం అంతే.

పెద్దమ్మ గల్లీ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. నీళ్లు చల్లి గోనెసంచిలో చుట్టి ఉంచిన తునికాకు పచ్చి వాసన, దాని మీద తంబాకు ఘాటు, మధ్యాహ్నమయ్యేసరికి ఎవరింట్లోనో సర్వపిండి కాలుతున్న వాసన. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి రెండు రోజులు తుమ్ముతూనే ఉంటారు. తర్వాత తుమ్ములు ఆగిపోతాయి. అప్పటినుంచి అన్నం, నీళ్లు, జడరిబ్బను, ఆఖరికి నిద్ర కూడా తంబాకు వాసనే వేస్తాయి. పెద్దమ్మ మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని ముద్ద కలిపి పెట్టేది. ఆ ముద్దకీ అదే రుచి. ఇప్పటికీ ఎవరైనా పచ్చిపులుసు చేసి పెడితే నాకేదో తక్కువైనట్టే ఉంటుంది. ఏం తక్కువైందో వాళ్లకు చెప్పను. చెబితే మళ్లీ పిలవరు.

పొద్దున చాయ్ కాగానే గల్లీ ఆడవాళ్లు చాటలు చంకన పెట్టుకుని పెద్దమ్మ అరుగు మీదికి చేరేవారు. ఆ అరుగుకు మధ్యాహ్నం దాకా నీడ ఉంటుంది. అంతకుమించి భక్తికి సంబంధించిన కారణమేదీ లేదు. కత్తిరించిన ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొసలు గోటితో లోపలికి మడవాలి. వారానికోసారి కార్ఖానాలో టేకేదారు తూచి ఆకు, తంబాకు ఇస్తాడు, చుట్టిన కట్టలు తీసుకుంటాడు. నచ్చని బీడీలను అక్కడికక్కడే తుంచేస్తాడు. చేతులు వాటి పని చేస్తుంటే నోళ్లు వాటి పని చేసేవి. గల్లీలో సగం మంది మగవాళ్లు గల్ఫ్‌లోనే ఉండేవారు కాబట్టి వాళ్ల గురించి ధైర్యంగా మాట్లాడుకునే సౌకర్యం ఉండేది.

ఎదురింటి ఆమె భర్త మస్కట్‌లో ఉండేవాడు. పిల్లలమంతా ఆమెను మస్కట్ అత్త అనేవాళ్లం, పాపం ఆమె కరీంనగర్ కూడా సరిగా చూడలేదు. ఏటా వేములవాడ పోయి రాజన్నకు కోడెను కట్టి మొక్కు తీర్చుకునే మనిషి. పెద్దమ్మను ఏడిపించే హక్కు ఆమెకు పూర్తిగా ఉండేది.

"అక్కా, నీ దేవునికి తంబాకు వాసన పడుతదా?"

"పడకపోతె నన్నెందుకు పిలుస్తడే? పుట్టినకాడికెల్లి నా ఒంటికి గిదే వాసన."

"మరి కండ్లు మూసుకొని దండం పెట్టుకుంటవు గద, చేతులెందుకు ఆగయి?"

"చేతులు టేకేదారువి, కండ్లు నావి. ఆయన కండ్లకు కూలి ఇయ్యడు గద."

నిజంగానే పెద్దమ్మ ప్రార్థన చేస్తున్నప్పుడు చేతులు చుడుతూనే ఉండేవి. ఆమె ఎవరికీ బోధించగా నేను వినలేదు. ఎవరికన్నా జ్వరమొస్తే వాళ్లింట్లో కూర్చునేది. చదువు రాని వాళ్లకు గల్ఫ్ ఉత్తరాలు చదివి పెట్టేది, చదివింది మర్చిపోయేది. ఆ గల్లీలో రెండోదే పెద్ద విశేషం.

మస్కట్ అత్తకు నాలుగు నెలలుగా ఉత్తరం లేదు. అందరి ముందు నవ్వేది గాని, పోస్టుమన్ సైకిల్ గంట మోగితే ఆమె చేతిలోని ఆకు చిరిగేది. శుక్రవారం సాయంత్రం పెద్దమ్మ ఇంట్లో నలుగురైదుగురు ప్రార్థనకు కూడేవారు. ఆ సమయానికి అత్త వచ్చి గడప బయట కూర్చునేది. ఎవరైనా అడిగితే "గాలికి కూసున్న" అనేది. పెద్దమ్మ ఒక్కసారి కూడా లోపలికి రమ్మనలేదు. చాప మాత్రం గడపను ఆనేదాకా పరిచేది. ఆ మనిషి ఎప్పుడో ఒకనాడు లోపలికి వస్తుందని ఆమె ఎంత ఆశపడేదో, ఆ చాపను ప్రతి శుక్రవారం సర్దేది నేనే గనుక నాకు తెలుసు.

ఇక నా సంగతి. ఆకు కత్తిరించడం చూసి చూసి నేనూ చుడతానని పేచీ పెట్టాను. పెద్దమ్మ నేర్పింది, రోజుకు ఇన్ని అని వంతు పెట్టింది. మూడో రోజుకు నాకు విషయం అర్థమైంది. అందరూ అవతల తొక్కుడుబిళ్ల ఆడుతుంటే నేను చుడుతున్నాను, అది కూడా అడిగి మరీ. ఏదో ఒక ఉపాయం కావాలి. ఒకనాడు తొందరలో తంబాకు సగమే పోశాను. బీడీ రెండింతల వేగంగా తయారైంది. రెండు కొసల్లో కాస్త గట్టిగా కూరితే చూడ్డానికి నిండుగా ఉంటుంది, నడుమ మాత్రం గాలి. మిగిలిన తంబాకును ఎవరూ చూడకుండా మళ్లీ డబ్బాలో పోసేదాన్ని. దొంగతనం కాదని నా ఉద్దేశం. తిరిగి పోస్తున్నాను కదా.

సరిగ్గా ఆ ఆదివారమే సంఘం కూడే రేకుల షెడ్డులో పాస్టరయ్య వాక్యం చెబుతూ, కరువు కాలంలో ఒక విధవరాలి ఇంట్లో పిండి, నూనె ఎన్ని రోజులు వాడినా అయిపోని సంగతి వివరించాడు. పెద్దమ్మ ఇంటికొచ్చి తంబాకు డబ్బా మూత తీసింది. చూసింది. మూత పెట్టింది. మళ్లీ తీసింది. రోజూ చుడుతున్నా డబ్బా తరగలేదు. ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. నేను గుంజ పక్కన నిలబడి తొక్కుడుబిళ్లను చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాను. చెప్పడానికి అదే మంచి సమయం అని నాకు తోచింది. ఆ తోచినదాన్ని పక్కన పెట్టడానికీ అదే మంచి సమయం అనిపించింది.

వారం తిరగ్గానే రేకుల షెడ్డులో పెద్దమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. "నేను విధవరాలినే. మా ఇంట్ల గూడ అయిపోలే" అంది. ఏం అయిపోలేదో చెప్పగానే పాస్టరయ్య ఒక క్షణం తడబడ్డాడు. బీడీల విషయంలో ఆయనకు ఎప్పుడూ కొంత ఇబ్బందిగానే ఉండేది; సంఘంలో సగం మంది అదే పని చేస్తారు గనుక ఆ ఇబ్బందిని ఆయన తన దగ్గరే ఉంచుకునేవాడు. చివరికి హల్లెలూయ అన్నాడు. అందరూ అన్నారు. నేను అందరికన్నా గట్టిగా అన్నాను.

ఆనాటినుంచి అద్భుతాన్ని నడిపించే బాధ్యత నా మీద పడింది. సరిగా చుడితే డబ్బా తరిగిపోతుంది, పెద్దమ్మ మనసు విరుగుతుంది. కాబట్టి ఇంకా సన్నగా చుట్టాను.

అంతవరకైనా ఆగితే బాగుండేది. కానీ పెద్దమ్మకు ఇంకో ఆలోచన వచ్చింది. తంబాకు కంపెనీది. పెరిగినా అది కంపెనీదే. దాన్ని ఇంట్లో ఉంచుకుంటే దొంగతనం. సోమవారం మిగిలిన తంబాకును గుడ్డలో మూట కట్టి టేకేదారు ముందు పెట్టింది.

"ఏందిది?"

"మిగిలింది సారూ. వాపస్ తెచ్చిన."

టేకేదారు మూట విప్పి వాసన చూశాడు. "తక్కువ పడ్డదని కొట్లాటకొచ్చినోళ్లను చూసిన గని, మిగిలిందని తెచ్చినోళ్లను ఇదే మొదలు చూసుడు" అన్నాడు. ఆమె నిజాయితీని ఆయన మెచ్చుకున్నాడనే అనుకున్నాం. మెచ్చుకున్నాడు కూడా. ఆ పై సోమవారం మా గల్లీ ఆడవాళ్లందరికీ తంబాకు తగ్గించి తూచాడు. అదేమంటే, "మీ గల్లీల మిగులుతుందట గద" అన్నాడు.

తగ్గిన తంబాకుతో అన్ని బీడీలు నిండవు. నిండకపోతే తుంచుతాడు. తుంచితే వారం కష్టం బూడిద. ఆడవాళ్లు కార్ఖానా నుంచి నేరుగా పెద్దమ్మ దగ్గరికి వచ్చారు. ముందు మస్కట్ అత్త.

"నీకు నీ దేవుడు ఇచ్చిండు, మంచిగున్నది. మాకెందుకు కోసిండక్కా?"

"నేను ఉన్నదే చెప్పిన చెల్లె..."

"నీకు మిగులుతె కడుపుల దాసుకో. కార్ఖాన దాక మోసుకపోవాల్నా? మా పిల్లల ముఖం యాదికి రాలేదా?"

మరునాడు చాటలన్నీ గల్లీ చివరి ఇంటి అరుగు మీదికి మారాయి. అక్కడ పొద్దున తొమ్మిదికే ఎండ పడుతుంది. అయినా అక్కడే కూర్చున్నారు. శుక్రవారం చాప గడప దాకా పరిచాం. బయట ఎవరూ కూర్చోలేదు. ఆ సాయంత్రం గాలి బాగానే వీచింది.

పెద్దమ్మ తినడం మానేసింది. ఆమెకు పోయింది తోడు ఒక్కటే కాదు. రెండేళ్లుగా ఆ ఆడవాళ్ల పక్కన ఏమీ అనకుండా కూర్చుని సంపాదించుకున్న నమ్మకమంతా పోయింది. ఇప్పుడు ఆమె నోటినుంచి దేవుడన్న మాట వస్తే వాళ్లకు తగ్గిన తంబాకే గుర్తొస్తుంది. ఒక మధ్యాహ్నం మేమిద్దరమే అరుగు మీద ఉన్నాం. చుడుతూ చుడుతూ చేతులు ఆపింది. ఆమె చేతులు ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. పైకి చూసి, "ఇచ్చినట్టె ఇచ్చి గిదేంది ప్రభువా? ఆళ్ల నోటికాడిది గుంజి నాకెందుకిచ్చినవు?" అంది.

దేవుడు చెయ్యని పనికి ఆయన మాట పడుతున్నాడు. నాకిక పట్టలేదు. పెద్దమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, నాకు చేతనైనంత రహస్యంగా చెప్పాను:

"పెద్దమ్మా, దేవుడు గాదు. నేనే సన్నగ చుట్టిన."

నేను సిరిసిల్ల పిల్లనని చెప్పాను కదా. గల్లీ చివరి అరుగు మీద కత్తెరలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

పెద్దమ్మ నేను అప్పుడే చుట్టినవాటిలోంచి ఒక బీడీ తీసి విప్పింది. ఇంకోటి విప్పింది. మూడోది విప్పకుండా పక్కన పెట్టింది.

"ఎన్నొద్దులసంది?"

వేళ్లు లెక్కపెట్టి చూపించాను. కొడుతుందని కళ్లు మూసుకున్నాను. ఆమె లేచి లోపలికి పోయి, చేతులు మూడుసార్లు కడుక్కుని, కంచంలో అన్నం తెచ్చి తానో ముద్ద తిని నాకో ముద్ద పెట్టింది. రెండు రోజుల తర్వాత ఆమె తినడం అదే.

"నీకు బాధగ లేదా పెద్దమ్మా? అద్భుతం పాయె గద."

"ఉన్నది. శానా ఉన్నది" అంది. "గని లేనిదాన్ని పట్టుకొని ఎన్నొద్దులుంటం బిడ్డా?"

తర్వాత నా చెయ్యి పట్టుకుని గల్లీ చివరికి నడిచింది. ఆ ఆడవాళ్ల ముందు నిలబడి గొంతు సవరించుకునేసరికి మస్కట్ అత్త తలెత్తకుండానే అంది:

"చెప్పుడు అక్కర్లేదక్కా. మీ పోరి నీ చెవుల చెప్పింది, మేం గీడికి ఇన్నం."

"అది చెప్పింది దాని తప్పు. నాది నేను చెప్పుకోవాలె గద. డబ్బ చూసిన గని బీడీ చూడలే. చూడకుండ దేవుని పేరు తీసిన. మీకు నష్టం జేసిన. మాఫ్ చెయ్యుండ్రి."

మాఫ్ మంచిదే గాని వాళ్లకు కావలసింది తంబాకు. మస్కట్ అత్తే అడిగింది: "మరి టేకేదారుకెవలు చెప్తరు?"

"నేనే."

నా బీడీలూ ఆమె బీడీలూ అన్ని కట్టల్లోనూ కలిసిపోయాయి. ఏవి ఎవరివో విప్పితే తప్ప తెలియదు. అందుకని సోమవారం దాకా ఆగకుండా ఆ వారం కట్టలన్నీ గంపలో పెట్టుకుని కార్ఖానాకు పోయాం. పెద్దమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. టేకేదారు ఒక్కో కట్ట నొక్కి చూసి తుంచుతూ పోయాడు. నావి తుంచాడు. అనుమానంతో ఆమెవీ తుంచాడు. గంప ఖాళీ అయింది. నేల మీద ఆకు ముక్కలు, తంబాకు, మా వారం.

"గల్లోళ్లకు పాత తూకమే ఇస్త" అన్నాడు చివరికి. "నీకు మాత్రం అచ్చే వారం ఆకు లేదు. ఇంకో మాటమ్మా. మళ్లొకసారి నిజం పట్టుకొని నా కాడికి రాకు. నాకు కార్ఖాన నడువది."

అంతటితో అయిపోయిందని నేను అనుకున్నాను. ఆదివారం షెడ్డుకు బయల్దేరేటప్పుడు మస్కట్ అత్త ఉతికిన చీర కట్టుకుని ఎదురింటి ముందు నిలబడి ఉంది. "ఏం చెప్తవో చూద్దమని అస్తున్న. ఇంకేం లేదు" అంది. పెద్దమ్మ సరేనంది.

సాక్ష్యాల సమయంలో పెద్దమ్మ లేచింది.

"మొన్న నేనొక సాక్ష్యం చెప్పిన. అది వాపస్ తీసుకుంటున్న. మా ఇంట్ల తంబాకు పెరగలే. బీడీలు సన్నగ చుట్టినం. నేను చూసుకోలే. నా మాటతోని మా గల్లోళ్లు తిప్పలవడ్డరు. మీరు గూడ మాఫ్ చెయ్యుండ్రి."

చుట్టినం, అంది. తనను కూడా కలుపుకుంది. నా వైపు ఒక్కరూ చూడలేదు.

సాక్ష్యం వాపసు తీసుకోవడం ఆ షెడ్డులో అంతకుముందెప్పుడూ జరగలేదు. పాస్టరయ్య హల్లెలూయ అనడానికి నోరు తెరిచి, అనవచ్చో లేదో తేలక అలాగే ఉండిపోయాడు. కాసేపటికి కొంచెం భయంగా అడిగాడు: "అమ్మా, ఆ విధవరాలి ఇంట్లో నూనె తరగకపోవడం మాత్రం నిజమే కదమ్మా?"

"నిజమేనయ్యా, నేను నమ్ముత. నూనె సంగతి గాదు. తంబాకు సంగతే."

తిరిగి వస్తుంటే చెరువుకట్ట దాటాక మస్కట్ అత్త అడిగింది: "గంతమంది ముందట ఎట్ల చెప్పినవక్కా? నాకైతె కాళ్లల్ల వణుకు పుట్టేది."

"నాకు పుట్టలేదని ఎవలన్నరే? చీర కుచ్చిళ్లల్ల కానరాలే, గంతే."

సోమవారం చాటలు మా అరుగు మీదికి తిరిగొచ్చాయి. ఎవరూ క్షమించామని చెప్పలేదు. "గాడ ఎండ మండుతుంది" అన్నారు. పెద్దమ్మకు ఆకు లేదు. ఊరికే కూర్చోవడం చేతకాక మస్కట్ అత్త చాటలోంచి గుప్పెడు ఆకులు తీసుకుని ఆమె వంతు చుట్టసాగింది. కాసేపటికి అత్త, ఎవరికీ వినపడకూడదన్నట్టు తల వంచుకుని అంది:

"అక్కా, మా ఆయన సంగతి గూడ చెప్పు నీ దేవునికి. గని ఒకటి. కానిది అయ్యిందని మాత్రం నాకు చెప్పకు."

"చెప్పనే."

కళ్లు మూసుకుంది. చేతులు చుడుతూనే ఉన్నాయి. నేను పక్కన కూర్చుని, అదే చాటలోంచి తీసుకున్న ఆకులో తంబాకు కొస నుంచి కొస దాకా నింపుతూ, ఒక్కోటి ఎంత సేపు పడుతుందో అప్పుడే తెలుసుకుంటున్నాను.

సెలవులు అయిపోయి నేను సిరిసిల్ల వెళ్లిపోయాను. వానాకాలంలో మస్కట్ నుంచి ఉత్తరం వచ్చిందని తర్వాత అమ్మ చెప్పింది. కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడట, పెద్దమ్మే చదివి పెట్టిందట. సంఘంలో అందరూ ఆమెను సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె లేవలేదు. "ఉత్తరం నాకు రాలే, ఆమెకు అచ్చింది. చెప్తే ఆమె చెప్పాలె" అందట.

మస్కట్ అత్త షెడ్డులో సాక్ష్యానికి లేచి నిలబడటానికి ఇంకా రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో పెద్దమ్మ ఒక్కనాడు కూడా ఆమెను అడగలేదు, తొందరపెట్టలేదు. రోజూ పొద్దున ఆమె పక్కన కూర్చుని బీడీలు చుట్టింది.